రిపోర్టు చేతికిచ్చారు సరే, తరవాత మాట ఎవరు చెప్పాలి?

హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల్లో నూటికి 84 మందికి లివర్‌లో కొవ్వు చేరిందన్న వార్త 2025లో అందరి ఫోన్లలోనూ తిరిగింది. మన సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం అది. సైంటిఫిక్ రిపోర్ట్స్ అనే పత్రికలో అచ్చయింది, కేంద్ర ఆరోగ్య మంత్రి పార్లమెంటులో కూడా ప్రస్తావించారు. మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులోకి ఆ వార్త వచ్చిన రోజు అరగంట పాటు జోకులే జోకులు. "మిగతా 16 మంది ఎవరో చూపించండి, దండం పెట్టుకుంటాం" అని ఒకరు. సాయంత్రం ఎవరిదో బర్త్‌డే. ఎప్పట్లాగే జంబో ప్యాక్ బిర్యానీ, కేకు, రెండు లీటర్ల కూల్‌డ్రింకు బాటిళ్లు.

వాళ్లని తప్పుపట్టాలని నాకు లేదు. గుండె జారిపోయే అంకె ఒకటి చెప్పి, దాంతో ఏం చెయ్యాలో చెప్పకుండా వదిలేస్తే మనిషి ఇంకేం చేస్తాడు? నవ్వేస్తాడు, లేకపోతే రెండ్రోజులు టెన్షన్ పడి మర్చిపోతాడు.

ఈ ఊళ్లో లివర్ గురించి జనానికి అవగాహన లేదని డాక్టర్లు తరచూ అంటుంటారు. నాకు అలా అనిపించదు. ఏప్రిల్ 19న ప్రపంచ లివర్ దినం, జులై 28న ప్రపంచ హెపటైటిస్ దినం వస్తే చాలు, ఉదయాన్నే వాక్‌లు, టీషర్టులు, పేపర్లలో పేజీలకి పేజీలు. ఏ మెట్రో పిల్లర్ చూసినా ఏదో ఒక ఆసుపత్రి బోర్డు. ఫ్యాటీ లివర్ అన్న మాట వినని మనిషి ఇవాళ మన చుట్టుపక్కల కనపడడు. పరీక్షలూ జరుగుతున్నాయి, రిపోర్టులూ చేతికొస్తున్నాయి. ఆ కాగితం పట్టుకుని ఎటు నడవాలో చెప్పే మనిషే లేడు. అవగాహన పేరుతో మనం పెట్టే ఖర్చు, పడే శ్రమ ఆ ఒక్క చోటికి మళ్లాలన్నది నా వాదన.

మా అత్తయ్య ఫైలు

మా మేనత్త వనస్థలిపురంలో ఉంటుంది. స్కూల్ టీచరుగా చేసి రిటైరైంది. చాలా ఏళ్లుగా షుగర్, కాస్త భారీ మనిషి, మోకాళ్ల నొప్పులు. మందు సంగతి అటుంచండి, ఇంట్లో ఉల్లి వెల్లుల్లి కూడా కార్తీకమాసంలో ముట్టదు. అలాంటి మనిషి ఓ రాత్రి భోజనమయ్యాక బాత్రూములో రక్తం కక్కుకుంది. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే ఎండోస్కోపీ చేసి, అన్నవాహికలో ఉబ్బిపోయి చిట్లిన రక్తనాళాలకి బ్యాండ్లు వేసి ఆపారు. సిరోసిస్ అన్నారు. లివర్ అంతా మచ్చలు కట్టి గట్టిపడిపోయింది.

అత్తయ్య కాగితాలు పారేసే మనిషి కాదు. పాత రిపోర్టులన్నీ ఏ సంవత్సరంవి ఆ సంవత్సరం రబ్బరు బ్యాండ్లు వేసి ఒక చీరల కవర్లో దాచింది. అవన్నీ మంచం మీద పరిచి వరసగా చదివాను. గాల్‌బ్లాడర్‌లో రాళ్లేమోనని ఎప్పుడో తీయించిన స్కానింగులో, చివరి లైన్లో, గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్. కొన్నాళ్లకి తీసిన ఇంకోదాంట్లో గ్రేడ్ 2. ఆ తరవాతి దాంట్లో లివర్ గరుకుగా కనిపిస్తోందనీ, ప్లీహం (స్ప్లీన్) కాస్త పెద్దదైందనీ. ప్రతి రక్త పరీక్ష కాగితం మీదా మూడు నెలల షుగర్ అంకె చుట్టూ నీలం పెన్నుతో డాక్టరు గీసిన సున్నా ఉంది. ప్లేట్‌లెట్ల దగ్గర బోల్డ్ అక్షరాల్లో 1.20 లక్షలు, పక్కన కిందికి చూపే బాణం. దాని మీద ఏ పెన్నూ పడలేదు. అడిగితే అత్తయ్య చెప్పింది: "డెంగ్యూ ఏమైనా వచ్చిపోయిందేమో అన్నారు నాన్నా, ఆ వానాకాలమంతా బొప్పాయి ఆకు రసం తాగాను."

డెంగ్యూ కాదు. లివర్ గట్టిపడితే పేగుల నుంచి వచ్చే రక్తం సాఫీగా లోపలికి పోలేక వెనక్కి తన్నుతుంది. ఆ ఒత్తిడికి ప్లీహం ఉబ్బి, ప్లేట్‌లెట్లని తనలోనే పట్టి ఉంచుకుంటుంది. అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బేదీ అందుకే.

నన్ను కదిలించిన విషయం ఇంకోటుంది. లివర్ డాక్టర్లు ఫిబ్-4 అని ఒక లెక్క వాడతారు. దానికి ప్రత్యేకంగా ఏ పరీక్షా అక్కర్లేదు. వయసు, ప్లేట్‌లెట్లు, లివర్ దెబ్బతిందేమో తెలిపే ఎస్‌జీవోటీ, ఎస్‌జీపీటీ అనే రెండు రక్త పరీక్షల అంకెలు ఉంటే చాలు. వయసుని ఎస్‌జీవోటీతో గుణించాలి. ప్లేట్‌లెట్లని వేలల్లో తీసుకుని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదాంతో భాగించాలి. 1.3 కంటే తక్కువ వస్తే ప్రస్తుతానికి పెద్ద భయం లేదు. 2.67 దాటితే లివర్ గట్టిపడి ఉండే అవకాశం బాగా ఉంది, వెంటనే నిపుణుడికి చూపించాలి. మధ్యలో ఉంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ లాంటి పరీక్షతో తేల్చుకోవాలి. అత్తయ్య పాత కాగితం మీద వయసు 57, ఎస్‌జీవోటీ 56, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు 120 వేలు. ఫోన్‌లో లెక్క కట్టాను. 3.8 వచ్చింది. రక్తం కక్కుకోవడానికి కొన్నేళ్ల ముందటి కాగితం అది.

ఆ నాలుగు అంకెలూ ఒకే పేజీలో ఉన్నాయి. విడివిడిగా చూస్తే ఏదీ ప్రాణం మీదకి వచ్చేంత పెద్దది కాదు, అందుకే ఎవరూ ఆగలేదు. ఆ డాక్టర్లు చెడ్డవాళ్లని నేననను. ఓపీ బయట నలభై మంది కూర్చుని ఉంటే షుగర్ డాక్టరు షుగరే చూస్తాడు. కానీ ల్యాబులో రిపోర్టు తయారుచేసేది కంప్యూటరే కదా. కొలెస్ట్రాల్ నిష్పత్తులు రెండు మూడు రకాలుగా లెక్కకట్టి అచ్చువేసే కంప్యూటరుకి ఈ లెక్క ఒకటి బరువా? షుగర్ ఉన్నవాళ్ల రిపోర్టులో ఆ ఒక్క లైను అచ్చు పడేలా ల్యాబుల మీద ఒత్తిడి తెస్తే, పది అవగాహన వాక్‌ల కంటే ఎక్కువ పని జరుగుతుందని నా నమ్మకం. ఈ లెక్కకీ హద్దులున్నాయి. ముప్పై అయిదేళ్ల లోపు వాళ్లకి సరిగ్గా పనిచేయదు, అరవై అయిదు దాటినవాళ్లకి 1.3 బదులు 2 చూస్తారు, జ్వరంలో ఉన్నప్పుడు తీసిన అంకెలతో కట్టకూడదు. లోపాలున్నా సరే, ఏమీ చెప్పని కాగితం కంటే నయం.

"ఆమెకి లివరేంటి?"

అత్తయ్య ఆసుపత్రిలో ఉన్న వారం చూడ్డానికి వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న. యాపిల్ పళ్ల కవరు బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి, "ఆమెకి లివర్ ఎందుకు పోయింది? ఆయన కదా అప్పుడప్పుడు తీసుకునేది?" మామయ్య అక్కడే నిలబడి ఉన్నాడు, పాపం ఆయన ముఖం చూడలేకపోయాను. చివరికి అత్తయ్య మా నాన్నతో, "ఎవరైనా అడిగితే గ్యాస్ట్రిక్ అల్సరని చెప్పు అన్నయ్యా" అంది. ఇప్పటికీ వాళ్ల కాలనీలో చాలామందికి అల్సరనే తెలుసు.

లివర్ పోయిందంటే తాగుబోతన్న ముద్ర మనలో ఎంత లోతుకి దిగిందంటే, తాగని మనిషి కూడా తన జబ్బు పేరు దాచుకుంటుంది. దాచుకున్న జబ్బు గురించి పక్కింటి షుగర్ పేషెంటుకి ఎలా తెలుస్తుంది? ఆమె చెప్పగలిగి ఉంటే ఆ వీధిలో పది మంది తమ పాత రిపోర్టులు తీసి చూసుకునేవాళ్లు.

అయితే ఇక్కడే జాగ్రత్తగా మాట్లాడాలి. తాగుడుకి ముడిపెట్టొద్దని గట్టిగా చెప్పే హడావిడిలో తాగుడు సంగతే పక్కకి పోతోంది. ఈ మధ్య లివర్ మీద వచ్చే వ్యాసాలన్నీ పంచదార, మైదా, కూర్చుని చేసే ఉద్యోగం చుట్టూనే తిరుగుతున్నాయి. ఉస్మానియాలోనో గాంధీలోనో గ్యాస్ట్రో వార్డుకి ఒకసారి వెళ్లి చూడండి. పొట్ట నిండా నీరు, సన్నబడిపోయిన చేతులు, పసుపు కళ్లు, మంచం పక్కన చిన్న పిల్లని ఒళ్లో పెట్టుకున్న భార్య. ముప్పైల్లో, నలభైల్లో ఉన్న మగవాళ్లు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మగవాళ్లలో 43 శాతం మంది మద్యం తాగుతామని చెప్పారు, పెద్ద రాష్ట్రాల్లో మనదే ముందు వరస. ఊరూరా బెల్టు షాపు పెట్టనిచ్చి, ఎక్సైజ్ ఆదాయం ఏటా ఎంత పెరిగిందో లెక్కలు చెప్పుకునే ప్రభుత్వాలు, పార్టీ ఏదైనా, ఈ వార్డుల గురించి మాట్లాడవు. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే తేల్చి చెప్పింది. "బీరేగా", "వారానికి రెండుసార్లేగా" అనేవాళ్లకి పొట్టా షుగరూ కూడా ఉంటే ఒకదాని నష్టానికి ఇంకోటి తోడవుతుంది. ఈ రెండు మాటలూ ఒకే నోటితో చెప్పాలి: తాగనివాళ్లకీ వస్తుంది, తాగేవాళ్లకి ఇంకా త్వరగా ముదురుతుంది.

అందరికీ ఉంటుందిలే అన్న మాట

గ్రేడ్ 1 అని రిపోర్టు రాగానే చుట్టాల్లో ఎవరో ఒకరు, ఒక్కోసారి స్కానింగ్ చేసినవాళ్లే, "అందరికీ ఉంటుందిలెండి" అంటారు. ఈ మాట మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. కానీ నిజాయితీగా ఆలోచిస్తే అందులో కొంత సత్యం ఉంది, దాన్ని దాటవేసి వాదించడం న్యాయం కాదు.

ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో చాలామందికి అది సిరోసిస్ దాకా పోదు. వాళ్లకి లివర్ కంటే ముందు గుండెతోనే ప్రమాదం. ఉన్నవాళ్లందరినీ పేషెంట్లని చేసి, అందరికీ స్కాన్లు రాసి, అందరి చేతా ఏవో మాత్రలు మింగిస్తే లాభపడేది ఎవరో చెప్పక్కర్లేదు. 84 శాతం అన్న అంకె కూడా 345 మందిని చూసి చెప్పింది. దాన్ని నగరం మొత్తానికి అంటగట్టలేం. పైగా ఆ స్కానింగు గ్రేడుకీ అసలు ప్రమాదానికీ పెద్ద పొంతన ఉండదు. గ్రేడ్ చెప్పేది కొవ్వు ఎంతుందని. మనం భయపడాల్సింది మచ్చల గురించి. గ్రేడ్ 1లోనే మచ్చలు మొదలైనవాళ్లుంటారు, గ్రేడ్ 2 ఉండి మచ్చల్లేని వాళ్లుంటారు. ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉండగానే లోపల ముదిరినవాళ్లూ ఉంటారు. లివర్ లోపల నొప్పి తెలిపే నరాలు లేవు కాబట్టి, చాలావరకు చెడిపోయేదాకా అది చప్పుడు చెయ్యదు.

కాబట్టి అందరినీ భయపెట్టొద్దు, అందరికీ భరోసా ఇచ్చేయొద్దు కూడా. ఎవరు ముందు చూపించుకోవాలో పేరు పెట్టి చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్లు. నడుము చుట్టుకొలత మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 దాటినవాళ్లు. బీపీ, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) ఎక్కువున్నవాళ్లు. ఇంట్లో ఎవరికైనా సిరోసిస్ వచ్చినవాళ్లు. చూడ్డానికి సన్నగా ఉండి పొట్ట మాత్రమే ఉన్నవాళ్లు కూడా, ఎందుకంటే మన శరీరాలకి ఆ తీరు ఉంది. ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చూసే బీఎంఐ లెక్కలో బయటి దేశాల్లో 25 దాటితే అధిక బరువు అంటారు, మనకి 23 నుంచే.

భారత ప్రభుత్వం 2021లోనే ఫ్యాటీ లివర్‌ని షుగర్, బీపీ, క్యాన్సర్ల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. మంచి నిర్ణయం. కానీ ఆశా కార్యకర్త బీపీ, షుగర్ చూసినప్పుడు చేతిలో నడుము కొలిచే టేపు కూడా ఉండి, ఆ అంకె దాటినవాళ్లకి తరవాత ఎక్కడికి పోవాలో చెప్పగలిగితేనే అది మన వీధి దాకా వచ్చినట్టు.

ఇక "తక్కువ తినండి, నడవండి" అన్న సలహా. శాస్త్రం దృష్ట్యా అది నిక్కమైన మాటే. 80 కిలోల మనిషి నాలుగు కిలోలు తగ్గితే కొవ్వు దిగుతుంది, ఎనిమిది కిలోలు తగ్గగలిగితే మచ్చలు కూడా కొంత వెనక్కి మళ్లే అవకాశం ఉంది. ఇంత చెడిపోయాక కూడా కోలుకునే గుణం ఉన్న అవయవం ఇంకోటి లేదు. మందులు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి, మొదటిదానికి అమెరికాలో అనుమతి వచ్చిందే 2024లో. కానీ సాయంత్రం ఆరుకి లాగిన్ అయి తెల్లవారుజామున క్యాబ్ ఎక్కే కుర్రాణ్ని నిలబెట్టి "జీవనశైలి మార్చుకో" అంటే ఎవరి జీవనశైలి అది? రాత్రి పదకొండుకి క్యాంటీన్‌లో దొరికేది ఫ్రైడ్ రైస్, పఫ్, కూల్‌డ్రింక్. వాడు ఇంట్లో లేచేసరికి మధ్యాహ్నం. హెల్త్ చెకప్ చేయించి "వర్రీ అవకండి, గ్రేడ్ వనే" అని మెయిల్ పెట్టే కంపెనీ, ఆ క్యాంటీన్ మెనూ మీద ఒక్క సమావేశమైనా పెట్టిందా అని నేను మా హెచ్ఆర్‌ని అడిగాను. పరిశీలిస్తాం అన్నారు. మళ్లీ అడుగుతాను.

గల్ఫ్ మెడికల్

ఇదంతా ఐటీ ఉద్యోగాల గొడవలా కనిపిస్తుంది గానీ, కాగితం ఇచ్చి వదిలేసే పద్ధతి అంతకంటే ఘోరంగా ఉన్న చోటు ఇంకోటుంది. దుబాయ్, సౌదీ పోవాలనుకునే కుర్రాళ్లు కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి మెడికల్ కోసం హైదరాబాద్ వస్తారు. ఆ పరీక్షల్లో లివర్‌ని దెబ్బతీసే హెపటైటిస్ బి, సి వైరస్‌లు కూడా చూస్తారు. పాజిటివ్ వస్తే అన్‌ఫిట్. అంతే. మా ఊరి కుర్రాడొకడు అలా అన్‌ఫిట్ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఏజెంటుకి కట్టిన డబ్బు పోయిందన్న ఏడుపే గానీ, ఆ వైరస్ ఏమిటో, పెళ్లానికి పరీక్ష చేయించాలో వద్దో వాడికి ఎవరూ చెప్పలేదు. ఇంటికెళ్లాక వాడికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టారు.

హెపటైటిస్ బి కలిసి తింటే రాదు. రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. చాలామందికి వెంటనే మందులు కూడా అవసరం పడవు, కానీ క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకోవాలి, ఎందుకంటే నిర్లక్ష్యం చేస్తే సిరోసిస్, క్యాన్సర్ దాకా పోతుంది. హెపటైటిస్ సి అయితే చాలామందికి పన్నెండు వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ రెంటికీ పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. అన్‌ఫిట్ అని ముద్ర వేసే కాగితం మీదే ఈ నాలుగు ముక్కలు తెలుగులో అచ్చువేయడానికి ఏం అడ్డం?

హెపటైటిస్ బి టీకాని మన దేశంలో మొదట తయారుచేసి సామాన్యుడి అందుబాటు ధరకి తెచ్చింది హైదరాబాద్ కంపెనీయే. వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్, 1997లో. పిల్లల టీకాల్లో దాన్ని దేశమంతటా చేర్చింది 2011లో. అంటే ఇవాళ పెద్దవాళ్లుగా ఉన్న మనలో ఎక్కువమందికి చిన్నప్పుడు ఆ టీకా పడలేదు. పెద్దవాళ్లు కూడా ఒక రక్త పరీక్ష చేయించుకుని, నెగెటివ్ అయితే మూడు డోసులు వేయించుకోవచ్చు. ఈ మాట నాకు ఏ మెట్రో పిల్లర్ మీదా కనపడలేదు.

పసరు గురించి కూడా ఒక మాట. తరవాత ఏం చెయ్యాలో డాక్టరు చెప్పని చోట ఇంకెవరో చెప్తారు. కామెర్లు అనగానే పసరు మందుకి తీసుకెళ్లేవాళ్లు, చేతికి వాత పెట్టించేవాళ్లు మన మధ్య ఇంకా ఉన్నారు. చదువుకున్నవాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి లివర్ డిటాక్స్ పొడులు తెప్పించుకుంటారు. కోవిడ్ కాలంలో రోగనిరోధక శక్తికని తిప్పతీగ కషాయం తాగినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసుల్ని ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. తాగిన ప్రతివాళ్లకీ అలా అవుతుందని కాదు. కానీ అప్పటికే దెబ్బతిన్న లివర్ మీద, అందులో ఏముందో తెలియని పొడి పొయ్యడం ప్రాణంతో చెలగాటం.

మా కాలనీ క్యాంపు

ఒక పెద్ద ఆసుపత్రి వాళ్లు మా కాలనీ సంఘాన్ని కలిశారు. కమ్యూనిటీ హాల్లో ఉచిత లివర్ క్యాంపు పెడతాం, అందరికీ స్క్రీనింగ్ చేస్తాం, తరవాతి పరీక్షలకి తగ్గింపు కూపన్లు ఇస్తాం అన్నారు. సంఘంలో ఇద్దరు ముగ్గురు ఇది వ్యాపారం, వద్దే వద్దన్నారు. వాళ్ల అనుమానం నాకూ ఉంది. కానీ ఆసుపత్రులని పక్కన పెడితే ఈ పని చేసే యంత్రాలు, డాక్టర్లు ఎక్కడినుంచి వస్తారు? అందుకని నేను ఒక షరతు పెట్టమన్నాను. కొత్త పరీక్షలు వద్దు, కూపన్లు వద్దు. ఒక డాక్టరు వచ్చి కూర్చోవాలి. కాలనీవాళ్లు తమ పాత రిపోర్టులు పట్టుకుని రావాలి. మా కుర్రాళ్లు బల్ల దగ్గర ఫిబ్-4 లెక్క కట్టి ఇస్తారు, డాక్టరు ఒక్కొక్కరికీ తరవాత ఏం చెయ్యాలో ఒక వాక్యం తెలుగులో రాసివ్వాలి. "ఏమీ అక్కర్లేదు, ఏడాదికి మళ్లీ చూడండి" అన్నది కూడా పనికొచ్చే వాక్యమే. చాలా బేరాల తరవాత ఒప్పుకున్నారు.

అప్పుడు మా వాచ్‌మన్ అడిగాడు, "సార్, నా దగ్గర ఏ రిపోర్టూ లేదు, నేనేం తేవాలి?" అని. అపార్ట్‌మెంట్లలో పనిచేసే ఆడవాళ్లు, ఇస్త్రీ బండి ఆయన, ఆటోవాళ్లు, వీళ్లెవరికీ ఆఫీసు హెల్త్ చెకప్ ఉండదు, చీరల కవర్లో దాచిన ఫైళ్లూ ఉండవు. పాత రిపోర్టులతో మొదలుపెడదామన్న నా ఆలోచనలో వీళ్లకి చోటు లేదు. మా పక్క బస్తీ దవాఖానాలో అడిగాం. రక్తం అక్కడే తీసుకుంటారు, పరీక్ష ఉచితం, ఫలితం ఫోన్‌కి వస్తుంది. క్యాంపుకి వారం ముందే వీళ్లందరినీ దవాఖానాకి పంపాలనీ, ఆ పొద్దుటి కూలి పోకుండా ఎవరింట్లో పనిచేసేవాళ్లకి ఆ ఇంటివాళ్లే జీతం కోయకుండా సెలవివ్వాలనీ సంఘం తీర్మానం రాసుకుంది. ఫోన్‌కి వచ్చే ఫలితం ఇంగ్లిషులో ఉంటుంది కాబట్టి దాన్ని తీసి కాగితం మీద రాసిపెట్టే పని ఇంటర్ చదివే పిల్లలు ముగ్గురు తీసుకున్నారు.